ఆరు గదుల హోటల్లో నాలుగు రాత్రులు

మా ఆఫీసులో ఈమధ్య ఎవరు వారం రోజులు లీవు పెట్టినా అండమానే. టికెట్లు బుక్ చేసుకోగానే తిన్నగా నా సీటు దగ్గరికొచ్చి "నువ్వు హేవలాక్ లో ఎక్కడ దిగావు? బావుందా?" అని అడుగుతారు. బావుంది అని ఒక్క ముక్కలో చెప్పి పంపించెయ్యొచ్చు. కానీ నేను దిగింది ఆరంటే ఆరు గదులున్న చిన్న హోటల్. పెద్ద రిసార్టుకి వెళ్ళినట్టు అక్కడికి వెళ్తే మొదటి రాత్రికే మొహం మాడ్చుకుంటారు, తిరిగొచ్చి నన్ను తిట్టుకుంటారు. ఎందుకొచ్చిన గొడవ.. మొత్తం ఒకేసారి రాసి పెట్టేస్తున్నా. ఇకనించీ ఎవరడిగినా ఇదే పంపిస్తా :)

ముందు పేర్ల సంగతి చూద్దాం. హేవలాక్ ని 2018 డిసెంబరులో స్వరాజ్ ద్వీప్ గా మార్చారు. పోర్ట్ బ్లెయిర్ ని 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం చేశారు. టికెట్ మీద ఏ పేరు కనిపించినా కంగారు పడకండి. జనాలు నోటితో ఇంకా పాత పేర్లే అంటున్నారు, నేనూ అవే వాడేస్తాను. ఇంకో తమాషా ఏంటంటే హేవలాక్ లో ఊళ్ళకి నంబర్లున్నాయి. జెట్టీ దగ్గర ఒకటి, బజారున్న గోవిందనగర్ మూడు, విజయనగర్ అయిదు, ఆ పేరుమోసిన బీచ్ ఉన్న రాధానగర్ ఏడు. ఆటో అతనితో "అయిదో నంబరు" అంటే చాలు. చిన్న హోటళ్ళు చాలావరకు ఆ మూడు, అయిదు నంబర్ల చుట్టుపక్కలే ఉన్నాయి. ఏడో నంబరు బీచ్ అక్కణ్ణించి దీవికి అటువైపు, కొండ ఎక్కి దిగి వెళ్ళాలి. "బీచ్ పక్కనే" అని హోటల్ వాడు రాశాడంటే ఏ నంబరు బీచో అడగాలన్నమాట.

నేను వెళ్ళింది 2025 ఫిబ్రవరిలో, అమ్మానాన్నలని తీసుకుని. నాన్నకి షుగరు, రెండు పూటలా ఇన్సులిన్ పడాల్సిందే. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. "అలాంటివాళ్ళని వెదురు గుడిసెల హోటల్ కి ఎందుకు తీసుకెళ్ళావు, రిసార్టు తియ్యలేకపోయావా" అని మా మేనత్త ఇప్పటికీ సాధిస్తూనే ఉంది. నేను చూసిన రిసార్టులో రెండు గదులకి ఒక్క రాత్రి అయ్యే ఖర్చుతో ఇక్కడ రెండు గదులు నాలుగు రాత్రులు వచ్చాయి. ఈఎంఐలు కట్టుకునే వాడికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. పైగా నాన్నకి చెట్ల కింద కూర్చోవాలని కోరిక, రిసెప్షన్లో జ్యూసు తాగాలని కాదు.

సరే అసలు విషయానికొస్తే.. యాప్ లో బుక్ చేసేముందు హోటల్ కి ఫోన్ చెయ్యండి. ఇది మొదటిదీ, అన్నిటికన్నా ముఖ్యమైనదీ. ఎందుకో మనవాళ్ళకి మన భాషలో చెప్తాను. ఆ యాప్ లో సౌకర్యాల జాబితా ఉంటుంది కదా, ఏసీ, వైఫై, పవర్ బ్యాకప్, వేడినీళ్ళు అని పక్కన టిక్కు మార్కులతో. అవన్నీ బూలియన్ ఫీల్డులు. ఉంది, లేదు, అంతే. రెండొందల గదుల హోటల్ కి ఆ ఫీల్డు సరిపోతుంది. ఆరు గదుల హోటల్లో మాత్రం ప్రతి సౌకర్యం వెనకా ఒక అంకె ఉంటుంది, ఒక టైముంటుంది, చాలాసార్లు ఒక మనిషి ఉంటాడు. పవర్ బ్యాకప్ అంటే ఎన్ని కేవీఏ? దాని మీద ఏవేవి నడుస్తాయి? వేడినీళ్ళంటే గీజరా, వంటింట్లోంచి బకెట్టా? వైఫై గది దాకా వస్తుందా, వంటింటి దగ్గర కూర్చుంటేనే వస్తుందా? ఇవి ఆ టిక్కు మార్కులో ఇమడవు, ఫోన్లో అయితే రెండు నిమిషాల్లో తేలిపోతాయి.

నేను నాలుగు హోటళ్ళకి చేశాను. మూడు చోట్ల "అన్నీ ఉన్నాయి సార్, ఏం ప్రాబ్లం లేదు" అన్నారు. నాలుగో ఆయన, ఆయన్ని దాదా అంటాను, అక్కడ బెంగాలీలు ఎక్కువ కాబట్టి ఆ పిలుపే నడుస్తుంది, "కరెంటు పోతే ఏసీ నడవదు. ఫాను నడుస్తుంది. నీళ్ళు కొంచెం ఉప్పగా ఉంటాయి. మీ అమ్మగారికి చేప తగలకుండా వేరే బాణలి పెడతాను" అన్నాడు. నేను అడక్కుండానే లేనివి చెప్పిన మనిషి ఆయనొక్కడే. వెంటనే అడ్వాన్సు పంపేశాను. ఇన్సులిన్ సంగతి కూడా అప్పుడే చెప్పి, వంటింటి ఫ్రిజ్ లో చిన్న డబ్బా పెట్టుకోడానికి చోటిస్తారా అని అడిగితే, ఆ ఫ్రిజ్ జనరేటరు లైను మీదే ఉందని చెప్పాడు.

ఇక కరెంటు గురించి కాస్త ఎక్కువ రాస్తాను, నేను చదివింది ఈఈఈ, చేసేది జావా, ఆ చదువు వాడుకునే అవకాశం మళ్ళీ ఎప్పుడొస్తుందో :) అండమాన్లో కరెంటు చాలామటుకు డీజిల్ తోనే తయారవుతుంది. ఆ డీజిల్ ఓడల్లో రావాలి. హేవలాక్ లాంటి చిన్న దీవిలో కరెంటు పోవడం వింతేం కాదు. దాదా దగ్గరున్నది 5 కేవీఏ జనరేటరు. 0.8 పవర్ ఫాక్టరుతో 4 కిలోవాట్లు అనుకోండి. ఒకటిన్నర టన్నుల ఏసీ నడుస్తున్నప్పుడు ఇంచుమించు ఒకటిన్నర కిలోవాట్లు లాగుతుంది, మొదలయ్యేటప్పుడు పాతరకం ఏసీ అంతకి కొన్ని రెట్లు లాగుతుంది. మూడు ఏసీ గదులుంటే ఆ జనరేటరు చేతులెత్తేస్తుంది. అదే ఫాను 70 వాట్లు, ఎల్ఈడీ బల్బు 9 వాట్లు, ఫ్రిజ్ 150 అనుకున్నా ఆరు గదులూ వంటిల్లూ కలిపి కిలోవాటు కూడా అవ్వదు. ఏసీలన్నీ నడిపే జనరేటరు పెట్టాలంటే గది అద్దె అదే ఉండదు. అంచేత చిన్న హోటల్లో "జనరేటరు ఉందా" అని అడగొద్దు, "జనరేటరు మీద ఏమేం నడుస్తాయి" అని అడగండి. ఇంకో మాట, మనవాళ్ళు కొందరు ఇండక్షన్ స్టవ్వూ, రైస్ కుక్కరూ సూట్ కేసులో పెట్టుకుని గదిలో వండేస్తుంటారు. ఆ గుడిసెల వైరింగ్ మీద దయచేసి ఆ పని చెయ్యకండి. పైన కప్పేమో తాటాకు.

మందులు ఫ్రిజ్ లో పెట్టాల్సినవాళ్ళకి కొన్ని జాగ్రత్తలు. తెరవని ఇన్సులిన్ 2 నించి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకడితే ఇక పనికిరాదు. విమానంలో చేతి సంచిలోనే పెట్టుకోండి, డాక్టరు చీటీతో సహా. సామాన్ల హోల్డులో వెయ్యొద్దు. వాడుతున్న పెన్ను ఎన్నాళ్ళు బయట ఉంచొచ్చో మందుని బట్టి మారుతుంది, మీ డాక్టర్నే అడగండి. మేమైతే అంతా ఒకేచోట పెట్టకుండా సగం వంటింటి ఫ్రిజ్ లో, సగం నీళ్ళతో తడిపే చల్లటి సంచిలో గదిలో ఉంచాం. డబ్బా మీద పేరూ గది నంబరూ రాసి, ఐసు తగలకూడదని దాదాకి ఒకటికి రెండుసార్లు చెప్పాను. హేవలాక్ లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది, మందుల షాపు కూడా ఉంది. మనకి కావల్సిన ఇన్సులినే అక్కడ దొరుకుతుందని లెక్కేసుకుని మాత్రం వెళ్ళొద్దు.

నీళ్ళు. ఫిబ్రవరి నించి ఏప్రిల్ దాకా వానలు తక్కువ, ఆ నెలల్లో నీళ్ళకి ఇబ్బందే. ఈ హోటల్లో వంటింటి వెనక బావి ఉంది, చాలనప్పుడు ట్యాంకరు తెప్పిస్తారు. సముద్రం దగ్గర బావి కాబట్టి ఉప్పదనం ఉంటుంది, సబ్బు నురగ రాదు. మోటారు జనరేటరు మీద నడవదు కాబట్టి సాయంత్రమే బకెట్లు రెండూ నింపి పెట్టుకోవాలి. అమ్మకి ఇది చెప్పక్కర్లేకపోయింది. గదిలోకి అడుగుపెట్టగానే బకెట్లు కడిగి నింపేసింది, చిన్నప్పుడు మా ఊళ్ళో రోజు విడిచి రోజు నీళ్ళొచ్చేవి కదా. నేనూ మా తమ్ముడూ పెరిగిందీ ఆ బకెట్ల మధ్యనే, గేటెడ్ కమ్యూనిటీకి వచ్చి ఆరేళ్ళకే జనం ఎలా మర్చిపోతారో నాకర్థం కాదు. తాగడానికి ఒక స్టీలు సీసా పట్టుకెళ్ళండి, హోటల్లో ఫిల్టరు నీళ్ళు నింపిస్తారు. అక్కడ పారేసే ప్లాస్టిక్ సీసా పోవడానికి చోటు లేదు.

తిండి దగ్గరికొద్దాం. హేవలాక్ వాసులు చాలామంది దేశవిభజన తర్వాత తూర్పు బెంగాల్ నించి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలవాళ్ళే. వంట కూడా బెంగాలీదే.. పప్పు, ఆలూ వేపుడు, చేప పులుసు. ఆవనూనె వాసన మొదటి రోజు అమ్మకి పడలేదు. మెనూ కార్డులో అరవై రకాలు ఉంటాయి గానీ దాన్ని నమ్మకండి. కూరగాయల్లో చాలావాటికి ఓడే గతి, ఓడ ఆలస్యమైతే టమాటాలు ఉండవు. మీరు ఆర్డరిచ్చాక గంట పడుతుంది, ఎందుకంటే వండేది ఇద్దరే. కాబట్టి పొద్దున్న కాఫీ తాగేటప్పుడే మధ్యాహ్నానికి ఏం ఉంది అని అడిగి, ఎన్నింటికి తింటారో చెప్పెయ్యండి. వాళ్ళకీ తేలిక, మీకూ వేడిగా దొరుకుతుంది. షుగరున్న మనిషి వెంట ఉంటే ఇది మరీ ముఖ్యం, సూది వేసుకుని గంటసేపు అన్నం కోసం ఎదురుచూడకూడదు. ప్లేటు ఎదురుగా వచ్చాకే ఇంజెక్షన్ అని మేం నియమం పెట్టుకున్నాం.

కందిపొడి, ఆవకాయ, నెయ్యి మేం పట్టుకెళ్ళాం. (ఏం చెప్పినా అమ్మ మానదు, నేను చెప్పనూ లేదు.) వేడన్నంలో కందిపొడి కలుపుకుని తింటుంటే వంటింటి కుర్రాడు వచ్చి నిలబడ్డాడు. అమ్మ ఒక ముద్ద పెడితే కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకుని ఇంకో ముద్ద అడిగాడు. మర్నాటినించీ మా పప్పులో ఆవనూనె బదులు మా నెయ్యి పడింది. అన్నట్టు పోర్ట్ బ్లెయిర్ లో తెలుగువాళ్ళు బోలెడంతమంది. వైజాగ్ నించి అక్కడికి ఓడ కూడా ఉంది కదా, శ్రీకాకుళం వైపు నించి ఎప్పుడో వెళ్ళి స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో. జెట్టీ దగ్గర మేం మాట్లాడుకుంటుంటే ఒక కూలీ ఆయన "ఏ ఊరమ్మా" అని పలకరించాడు, అమ్మ పెట్టె మొయ్యనివ్వకుండా పావుగంట కబుర్లు చెప్పింది.

పురుగూ పుట్రా గురించి రాయకపోతే మోసం చేసినట్టే. దోమతెర ఇస్తారు, చీకటి పడకముందే పరుపు కిందకి దోపేసుకోండి. అక్కడ టైము మనదే గానీ సూర్యుడు మనవాడు కాదు. ఫిబ్రవరిలో సాయంత్రం అయిదున్నరకే పొద్దుగుంకుతుంది, పొద్దున్న ఆరు దాటకుండానే ఎండ. తొమ్మిదింటికి లేస్తే సగం రోజు పోయినట్టే. అసలు శత్రువు దోమ కాదు, శాండ్ ఫ్లై. కంటికి ఆననంత చిన్నది, తడి ఇసక మీద ఉంటుంది, కుట్టినప్పుడు తెలీదు, మర్నాడు మొదలవుతుంది దురద.. వారం వదలదు. ఇసక మీద నేరుగా కూర్చోవద్దు, సాయంత్రం పూట పాంటు వేసుకోండి, కాళ్ళకి కొబ్బరినూనె దట్టంగా పట్టించమని అక్కడివాళ్ళు చెప్తారు. మేం పట్టించాం, మా ముగ్గురికీ కలిపి నాలుగు కాట్లే పడ్డాయి. గోకడం మాత్రం వద్దు, షుగరున్నవాళ్ళు అస్సలు వద్దు, పుండు పడితే తొందరగా మానదు. గదిలో బిస్కెట్ పాకెట్ విప్పి పెడితే తెల్లారేసరికి చీమలదే. బల్లులు కప్పులోనే కాపురముంటాయి. మొదటి రాత్రి ఒకటి అమ్మ భుజం మీద పడింది. నేను కెవ్వుమంటానేమో అనుకున్నా, అమ్మ తాపీగా "కుడి భుజమా ఎడమ భుజమా చూశావురా" అంది. ఫలితం పంచాంగంలో చూడాలట, నెట్ వచ్చాక.

నెట్ అంటే గుర్తొచ్చింది. 2020 ఆగస్టులో చెన్నై నించి సముద్రం అడుగున కేబుల్ వేశాక అక్కడ పరిస్థితి చాలా మెరుగు, అది హేవలాక్ దాకా వచ్చింది. అయినా కరెంటు పోతే టవరు సంగతి చెప్పలేం. ఆన్ కాల్ పెట్టుకుని అక్కడికి వెళ్ళకండి. యూపీఐ నడిచినప్పుడు నడుస్తుంది, నడవనప్పటి కోసం నాలుగు రోజులకి సరిపడా నోట్లు జేబులో ఉండాలి.

ఇక మూడో రాత్రి జరిగింది చెప్తాను, మా ఆఫీసులో అందరికీ ఇది చెప్పాలనే ఇదంతా మొదలెట్టాను.

పదిన్నరకి కరెంటు పోయింది. జనరేటరు వేశారు, ఫాను తిరిగింది, పడుకున్నాం. ఒంటిగంట ప్రాంతంలో జనరేటరు కూడా ఆగింది. మెలకువ వచ్చి బయటికొచ్చేసరికి దాదా, వంటింటి కుర్రాడు టార్చి పట్టుకుని జనరేటరు విప్పుతున్నారు. డీజిల్లో చెత్తొచ్చి ఫిల్టరు మూసుకుపోయింది. నేను నోరు తెరవకముందే దాదా, "మీ నాన్నగారి మందు ఫ్రిజ్ లోంచి తీసేశాను, చూడండి" అని వంటింట్లోకి తీసుకెళ్ళాడు. చేపల ఐసు పెట్టెలో అడుగున ఐసు, దాని మీద మడత పెట్టిన తువ్వాలు, దాని మీద గిన్నె బోర్లించి, గిన్నె మీద మా డబ్బా. ఐసు తగలకుండా. జనరేటరు ఆగగానే దాని దగ్గరికి కాకుండా ముందు ఇక్కడికి వచ్చాడట. నాకు ఏం మాట్లాడాలో తెలీలేదు, టార్చి అందుకుని పట్టుకున్నాను. కొత్త ఫిల్టరు వేసి, గొట్టంలో గాలి పోయేదాకా పంపు కొట్టి, మళ్ళీ మొదలెట్టేసరికి మూడున్నర అయింది.

అదే రాత్రి నాలుగో గదిలో ఒక జంట ఉన్నారు, మనలాంటివాళ్ళే, బెంగళూరు నించి. ఏసీ గదికని రాత్రికి వెయ్యి ఎక్కువ కట్టారు. అతను రెండుసార్లు బయటికొచ్చి గొడవ చేశాడు. పొద్దున్న టిఫిన్ దగ్గరే ఫోన్ తీసి ఒక్క స్టార్ రివ్యూ పెట్టాడు. "పవర్ బ్యాకప్ అని అబద్ధం రాశారు, రాత్రంతా నిద్ర లేదు." దాదా ఆ రాత్రి తాలూకు వెయ్యి బిల్లులోంచి తీసేశాడు, అతను తీసుకున్నాడు, రివ్యూ అలాగే ఉంది.

లెక్క చూడండి. ఆ హోటల్ కి అప్పటికి పన్నెండు రివ్యూలు, సగటు 4.5. పదమూడోది ఒకటి పడగానే 4.2. రెండు వేల రివ్యూలున్న రిసార్టుకి ఇలాంటివి పది పడినా దశాంశం కదలదు. మనం వెతికేటప్పుడు "4.5 పైన" అని ఫిల్టరు పెట్టుకుంటాం కదా, ఆ క్షణంలో ఈ ఆరు గదులూ తెర మీద నించి మాయమైపోతాయి. అవి నడిస్తేనే ఆ ఇంట్లో పిల్ల పోర్ట్ బ్లెయిర్ లో కాలేజీ చదువుతుంది.

దాదా ఫోన్ తెచ్చి నా ముందు పెట్టి, "ఇంగ్లీషులో గట్టిగా జవాబు రాసిపెట్టండి బాబూ" అన్నాడు. చదివాను. చిక్కేంటంటే అతను రాసింది నిజం. నిజంగానే యాప్ లో "24 గంటల పవర్ బ్యాకప్" అని ఉంది. ఫోన్ చేసిన నాకు దాదా ఉన్నదున్నట్టు చెప్పాడు గానీ, ఫోన్ చెయ్యనివాడికి తెలిసేదెలా? ఆ పేజీ నింపింది పోర్ట్ బ్లెయిర్ లో ఉండే మేనల్లుడట, అన్ని టిక్కులూ పెట్టేశాడు. ఏసీ కోసం డబ్బు కట్టినవాడు ఏసీ అడగడం తప్పెలా అవుతుంది? అతని మీద నాకున్న కోపమల్లా, ఫిల్టరు మారుస్తున్న మనిషి మీద అరవడం గురించీ, డబ్బు వెనక్కిచ్చిన సంగతి రివ్యూలో రాయకపోవడం గురించీ.

అదే చెప్పాను. గట్టి జవాబు రాయను, జరిగింది రాస్తాను అన్నాను. జనరేటరు ఎన్నింటికి ఆగింది, ఎన్నింటికి వచ్చింది, ఆ రాత్రికి ఏసీ డబ్బు వెనక్కిచ్చాం, మా పేజీలో ఉన్నది సరిగా లేదు, మారుస్తున్నాం.. అయిదు వాక్యాలు. తర్వాత పేజీ కూడా మార్చమన్నాను. "కరెంటు పోతే ఫాన్లు, లైట్లు మాత్రమే నడుస్తాయి, ఏసీ నడవదు" అని. దాదా చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఈ రోడ్డులో అందరూ 24 గంటలు అనే రాశారు. నేనొక్కణ్ణే లేదని రాస్తే నా దగ్గరికెవరొస్తారు?" అన్నాడు.

దానికి నా దగ్గర సరైన జవాబు లేదు, ఇప్పటికీ లేదు. నిజం చెప్పినవాడు ఫిల్టర్లో ఎగిరిపోయేలా ఆ పేజీ తయారుచేసింది మన వృత్తివాళ్ళే. చివరికి నాన్న ఒక మధ్యేమార్గం చెప్పారు. టిక్కు ఉంచండి, జనరేటరు ఉన్నమాట నిజమే కదా. కింద వివరణలో మొదటి వాక్యంగా ఏం నడుస్తాయో, ఏం నడవవో రాయండి. మేనల్లుడికి ఫోన్లో చెప్పి అప్పటికప్పుడు రాయించాం. జూన్ లో ఒకసారి మాట్లాడినప్పుడు అడిగితే, అది చదివి ఒకరు బుకింగ్ రద్దు చేసుకున్నారని, ముగ్గురు మాత్రం ఫోన్ చేసి వివరాలు కనుక్కుని మరీ వచ్చారని అన్నాడు.

నేను రాసిన రివ్యూలో స్టార్లు అయిదు, మిగతావన్నీ అంకెలు. జెట్టీ నించి ఆటో ఎంత, గదికి ఎన్ని మెట్లు, బాత్రూములో కమోడ్ ఏ రకం, జనరేటరు మీద ఏం నడుస్తాయి, వంటకి ఎంతసేపు. "అద్భుతం, సిబ్బంది చాలా మంచివారు" అని రాస్తే తర్వాత వచ్చేవాడికి ఏం తెలుస్తుంది? ఫిర్యాదున్నా ఇలాగే రాయండి, ముందు ఆ మనిషితో ఒకసారి మొహం మీద మాట్లాడాక.

సముద్రం గురించి త్వరగా చెప్పేస్తాను. రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు, వేళలు రోజుకి ముప్పావుగంట పైనే జరుగుతుంటాయి. అయిదో నంబరు వైపు ఆటు వేళ నీళ్ళు చాలా దూరం వెనక్కి పోయి రాళ్ళు తేలతాయి. ఫొటోలో నీలంగా ఉన్న బీచ్ ఇదేనా అని హోటల్ వాణ్ణి నిలదీయకండి, నాలుగైదు గంటలు ఆగండి. ఈతకి ఏడో నంబరు మంచిది, అక్కడ లైఫ్ గార్డులున్నారు. అక్కడ కూడా వద్దన్న వైపు వెళ్ళొద్దు. 2010లో ఆ బీచ్ పక్కన నీల్స్ కోవ్ దగ్గర మొసలి దాడిలో ఒక పర్యాటకురాలు చనిపోయింది. బోర్డులు ఊరికే పెట్టలేదు. పగడపు ముక్కలు ఏరి పెట్టెలో పెట్టుకోకండి, నేరం, ఎయిర్ పోర్టులో తీయిస్తారు.

ఆఖరిది పడవ. వాతావరణం తేడాగా ఉంటే పడవలు ఆపేస్తారు, ఎవరి చేతిలోనూ ఉండదు. 2016 డిసెంబరులో, తర్వాత వార్దా తుఫానుగా మారిన ఆ వాయుగుండం వేళ, హేవలాక్ లోనూ నీల్ లోనూ వందలకొద్దీ పర్యాటకులు చిక్కుకుపోతే నేవీ ఓడలు వెళ్ళి తీసుకురావాల్సొచ్చింది. అందుకని హేవలాక్ నించి పొద్దున్న పడవెక్కి అదే మధ్యాహ్నం హైదరాబాదు ఫ్లైటు అనే ప్లాను వెయ్యొద్దు. చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్ లోనే ఉండండి. మందులు వాడేవాళ్ళుంటే రెండు రోజులకి సరిపడా ఎక్కువ తీసుకెళ్ళండి. మాకు పడవ టైముకే వచ్చింది. మిగిలిన కందిపొడి డబ్బాతో సహా వంటింటి కుర్రాడికి ఇచ్చేసింది అమ్మ, ఎలా కలుపుకోవాలో తన హిందీలో చెప్పి మరీ.

దాదా ఫోన్ నంబరు కావాల్సినవాళ్ళు నన్నడగండి. మధ్యాహ్నం మూడు దాటాక చేస్తే ఎత్తుతాడు, అంతకుముందు వంటింట్లో ఉంటాడు.